డ్రమ్ అండ్ బేస్‌కి టెంప్లేట్ పెట్టుకుంటే అందులో ఏం ఉంచాలి, ఏం తీసేయాలి?

ప్రశ్న

అందరికీ నమస్తే. చాలా రోజులుగా ఒక విషయం వేధిస్తోంది, ఇక్కడ డీఎన్‌బీ (డ్రమ్ అండ్ బేస్ అనే వేగమైన ఎలక్ట్రానిక్ మ్యూజిక్) సీరియస్‌గా చేసేవాళ్ళు ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. బుర్రలో ఒక బేస్‌లైన్ తిరుగుతుంటుంది, వెంటనే కూర్చుని ప్రాజెక్ట్ ఓపెన్ చేస్తా, ఇక టెంపో 174కి (నిమిషానికి 174 బీట్లు) మార్చు, కిక్ (బరువైన డ్రమ్ దెబ్బ) వెతుకు, స్నేర్ (చురుకైన డ్రమ్ దెబ్బ) వెతుకు, గ్రూపులు కట్టు, సైడ్‌చెయిన్ (కిక్ పడ్డప్పుడల్లా బేస్ తగ్గేలా చేసే ఏర్పాటు) కలుపు, రివర్బ్ సెండ్ (ట్రాకులు పంచుకునే ప్రతిధ్వని ఎఫెక్ట్) పెట్టు... ఇదంతా అయ్యేసరికి గంట పోతుంది, దాంతో పాటు ఆ బేస్‌లైన్ కూడా పోతుంది. నిజంగా బాధేస్తుంది అప్పుడు.

ఆ మధ్య ఎవరో షేర్ చేసిన టెంప్లేట్ (ముందే సర్ది పెట్టిన ప్రాజెక్ట్) ఒకటి దింపుకున్నా. 60కి పైగా ట్రాకులు, ఒక్కోదాంట్లో నాలుగైదు ప్లగిన్లు, వాటిల్లో సగం నా దగ్గర లేవు, ఉన్నవాటికే ప్లే నొక్కకముందే సీపీయూ సగం దాటేస్తోంది. సరే అని సొంతంగా ఒకటి చేసుకున్నా, నాకు నచ్చిన కిక్కు, నచ్చిన స్నేరు, బాగా కుదిరిన రీస్ ప్యాచ్ (ఒక రకం బేస్ సౌండ్ సెట్టింగు) అన్నీ అందులో పెట్టేశా. ఇప్పుడు వరసగా చేసిన ఐదు ట్రాకులు వింటుంటే ఒకే ట్రాకుని ఐదు సార్లు చేసినట్టుంది.

అసలు టెంప్లేట్‌లో ఏం ఉండాలి? సైడ్‌చెయిన్ ముందే కలిపి పెట్టుకోవచ్చా, కిక్ ప్యాటర్న్ ప్రతి ట్రాకుకీ మారిపోతుంది కదా? మాస్టర్ (ట్రాకులన్నీ చివరికి కలిసే ఛానెల్) మీద లిమిటర్ (సౌండ్ ఒక హద్దు దాటకుండా ఆపే ప్లగిన్) ఉంచాలా తీసేయాలా? నేను వాడేది ఏబుల్‌టన్ లైవ్, వేరే సాఫ్ట్‌వేర్ వాళ్ళు చెప్పినా పర్లేదు, సర్దుకుంటా.

జవాబు 1

మీరు చెప్పిన రెండు టెంప్లేట్లూ నేనూ దాటొచ్చినవే అండి. ఒక్క పని చేయండి, ఖాళీ ప్రాజెక్ట్ తెరిచి టెంప్లేట్ కట్టడం మొదలుపెట్టకండి. మీరు పూర్తి చేసిన ట్రాకుల్లో మిక్స్ బాగా కుదిరింది ఒకటి తీసుకుని, వేరే పేరుతో సేవ్ చేసి, అందులోంచి పాట మొత్తం తీసేయండి. మిడి (నోట్లు), ఆడియో, ఆటోమేషన్ (రాసిపెట్టిన నాబ్ కదలికలు) అన్నీ. మిగిలింది చూస్తే మీకే తెలుస్తుంది, గ్రూపులు, సెండ్లు, రూటింగ్, మీటర్లు, అవి మీరు నిజంగా వాడినవి. ఖాళీగా కూర్చుని కట్టినప్పుడు "ఎప్పుడైనా పనికొస్తుందేమో" అని పెట్టేవే ఎక్కువ, ఆ 60 ట్రాకులు అలానే తయారవుతాయి.

ఇక నా దాంట్లో ఏముందంటే, కిక్, స్నేర్, హ్యాట్లూ షేకర్లూ కలిపి టాప్స్, బ్రేక్ (పాత రికార్డు నుంచి తీసిన డ్రమ్ లూప్), ఈ నాలుగూ డ్రమ్ బస్‌లోకి (డ్రమ్స్ అన్నీ కలిసే ఛానెల్). సబ్ (అట్టడుగు బేస్) వేరే, మిడ్ బేస్ వేరే, రెండూ బేస్ బస్‌లోకి. మ్యూజిక్ ఒక గ్రూపు, ఎఫెక్టులు ఒక గ్రూపు. ఇవన్నీ నేరుగా మాస్టర్‌కి వెళ్ళవు, ప్రీమాస్టర్ అని ఒక గ్రూపు పెట్టి అందులోకి పంపిస్తా. ఎందుకంటే రెఫరెన్స్ ట్రాక్ (పోల్చి చూసుకోవడానికి పెట్టుకున్న వేరే పాట) ఒకటి ఎప్పుడూ టెంప్లేట్‌లో ఉంటుంది, అది ప్రీమాస్టర్‌ని తప్పించుకుని బయటికి వెళ్ళాలి, లేకపోతే ఆల్రెడీ మాస్టర్ అయిన పాట మళ్ళీ మీ ప్రాసెసింగ్‌లోంచి వెళ్ళి చెడిపోయి వినిపిస్తుంది, దాన్ని చూసి మీరు తప్పు నిర్ణయాలు తీసుకుంటారు. ఆ రెఫరెన్స్ ఫేడర్‌ని కూడా 8 నుంచి 10 డీబీ కిందికి దించి పెట్టుకోండి, మీ మిక్స్ అంత సౌండ్‌లోనే అది వినపడాలి. గట్టిగా ఉన్నదే బాగున్నట్టు అనిపించడం చెవి గుణం, దానికి మనమేం చేయలేం.

సబ్ ట్రాక్ గురించి కొంచెం ఎక్కువ చెప్తా, టెంప్లేట్‌లో నాకు బాగా కలిసొచ్చింది అదే. ఉత్త సైన్ వేవ్, మోనో, దాని పక్కన స్పెక్ట్రమ్ ఎనలైజర్, అంతే. ప్రాజెక్ట్ నోట్స్‌లో మాత్రం స్వరాల ఫ్రీక్వెన్సీలు రాసుకున్నా, ఎఫ్ అంటే 43.7 హెర్ట్జ్, ఎఫ్ షార్ప్ 46.2, జీ 49, ఏ 55. డీఎన్‌బీ ట్రాకులు చాలా వరకు ఎఫ్, జీ చుట్టూ ఎందుకు తిరుగుతాయో ఇక్కడే ఉంది, క్లబ్ సిస్టమ్ బలంగా మోగించగలిగే చోటు అది. సీలో రాస్తే కింది సీ 32.7 దగ్గర ఉంటుంది, చాలా స్పీకర్లలో అది వినపడనే వినపడదు, పై సీ 65.4కి వెళ్తే ఆ బరువు రాదు. ట్రాకు సగం అయ్యాక ఇది తెలిస్తే అంతా ట్రాన్స్‌పోజ్ చేయాలి, శాంపిల్స్‌తో సహా. మొదలుపెట్టేటప్పుడే కళ్ళ ముందు ఉంటే ఆ తిప్పలు ఉండవు.

సెండ్లు నాలుగే. చిన్న రూమ్ రివర్బ్, పెద్ద రివర్బ్, డిలే, ఒక పారలల్ డిస్టార్షన్. స్నేర్‌కి వాడే రూమ్ అర సెకను దాటనివ్వను. 174లో ఒక బీట్ 345 మిల్లీసెకన్లు, స్నేర్ రెండు బీట్లకోసారి, అంటే 690 మిల్లీసెకన్లకి మళ్ళీ వచ్చేస్తుంది. రెండు సెకన్ల రివర్బ్ వేస్తే ముందు స్నేర్ తోక ఇంకా ఆరకముందే తర్వాతది వచ్చి పడుతుంది, అంతా మసక.

జవాబు 2

సైడ్‌చెయిన్ సంగతి నేను చెప్తా.

కిక్ ప్యాటర్న్ మారుతుంది కాబట్టే దాన్ని కిక్ ఆడియోకి కట్టకూడదు. విడిగా ఒక ట్రిగ్గర్ ట్రాక్ పెట్టండి, అందులో చిన్న టిక్ లాంటి సౌండ్, అది బయటికి వినపడకూడదు. లైవ్‌లో అయితే దాని అవుట్‌పుట్‌ని సెండ్స్ ఓన్లీ అని పెట్టి, బేస్ బస్ మీద ఉన్న కంప్రెసర్ సైడ్‌చెయిన్‌లో ఆ ట్రాకుని ఎంచుకుంటే చాలు. ఎఫ్ఎల్ స్టూడియోలో మిక్సర్‌లో మాస్టర్‌కి వెళ్ళే లైను తీసేసి సైడ్‌చెయిన్ మాత్రమే ఇవ్వాలి, రీపర్‌లో మాస్టర్ సెండ్ ఆపేసి 3, 4 ఛానెళ్ళకి పంపాలి. ఇప్పుడు మీరు కిక్ శాంపిల్ మార్చినా, మొత్తం కిక్ తీసేసి బ్రేక్ ఒక్కటే వదిలినా పంపింగ్ (బేస్ తగ్గి లేవడం) అలానే ఉంటుంది, ట్రిగ్గర్ నోట్లు మీ చేతిలో ఉన్నాయి కదా. టెంప్లేట్‌లో మామూలు టూ స్టెప్‌కి (డీఎన్‌బీలో ఎక్కువగా వాడే డ్రమ్ వరస) నోట్లు వేసి ఉంచండి, 16 స్టెప్పుల్లో 1, 11 కిక్, 5, 13 స్నేర్. ట్రిగ్గర్లు రెండు ఉంటే ఇంకా మంచిది, సబ్‌కి కిక్ ట్రిగ్గర్ చాలు, మిడ్ బేస్‌కి మాత్రం స్నేర్ ట్రిగ్గర్ కూడా ఇవ్వండి, స్నేర్ బలమంతా 200 హెర్ట్జ్ చుట్టుపక్కలే, రీస్ కూడా అక్కడే కూర్చుంటుంది.

రిలీజ్ (కంప్రెసర్ తగ్గించిన సౌండ్‌ని మళ్ళీ వదలడానికి పట్టే టైమ్) విషయం మర్చిపోకండి, 174లో ఒక 16వ నోట్ 86 మిల్లీసెకన్లు. హౌస్ మ్యూజిక్‌లో లాగా 200, 250 రిలీజ్ పెడితే బేస్ పైకి లేవడానికే టైమ్ చాలదు, నేను 60 నుంచి 90 మధ్యలో పెట్టుకుంటా.

జవాబు 3

లిమిటర్ ఆఫ్‌లో ఉంచండి. తీసేయొద్దు, ఆఫ్. లుక్‌అహెడ్ (రాబోయే సౌండ్‌ని ముందే చూసుకోవడం) ఉన్న లిమిటర్, లీనియర్ ఫేజ్ ఈక్యూ లాంటివి మాస్టర్ మీద ఆన్‌లో ఉంటే లేటెన్సీ పెరిగి కీబోర్డ్ నొక్కిన చాలాసేపటికి సౌండ్ వస్తుంది, బేస్‌లైన్ వాయించడం నరకం. మీకు ఐడియా పోవడానికి అది కూడా ఒక కారణం అయ్యుండొచ్చు.

అలాగని ఎక్కడా ఏమీ ఉంచొద్దని చెప్పను. ఈ మ్యూజిక్‌లో గట్టిదనం చివర్లో లిమిటర్ తెచ్చేది కాదు, డ్రమ్ బస్ మీద క్లిప్పర్ (సౌండ్ మొనల్ని కోసేసే ప్లగిన్) తెస్తుంది. స్నేర్ ట్రాన్సియెంట్ (దెబ్బ పడ్డ మొదటి క్షణం) మొన 3 డీబీ కోసినా చెవికి దాదాపు తెలీదు, కానీ అక్కడ దొరికిన చోటు మొత్తం మిక్స్‌కి దొరుకుతుంది. అందుకే నా టెంప్లేట్‌లో డ్రమ్ బస్ మీద క్లిప్పర్ ఎప్పుడూ ఆన్, ఓవర్‌శాంప్లింగ్ ఆపి ఉంచితే దానికి లేటెన్సీ కూడా ఉండదు, ఎక్స్‌పోర్ట్ అప్పుడు ఓవర్‌శాంప్లింగ్ పెడతా. కిక్ పీక్ మైనస్ 10 డీబీ దగ్గర పెట్టి, స్నేర్ దానికి సమానంగా లేదా ఒక డీబీ పైన, మిగతావన్నీ వాటి చుట్టూ, అప్పుడు ప్రీమాస్టర్ మైనస్ 6 దగ్గర ఆగుతుంది. స్పాటిఫై మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కి (పాట గట్టిదనాన్ని కొలిచే యూనిట్) దించేస్తుంది కదా అని కొందరు ఆ అంకె కోసం మిక్స్ చేస్తారు, ఈ జానర్‌లో అలా చేస్తే డీజే సెట్‌లో మీ ట్రాకు దగ్గరికి రాగానే సౌండ్ పడిపోతుంది.

జవాబు 4

పైవాళ్ళు చెప్పినవన్నీ బాగున్నాయి కానీ టెంప్లేట్‌లో సౌండ్లే ఉండొద్దు అనుకుంటే మాత్రం నేను ఒప్పుకోను. ఖాళీ డ్రమ్ ర్యాక్ తెరిస్తే మళ్ళీ శాంపిల్ ఫోల్డర్లలోకే వెళ్తారు, అక్కడే కదా ఆ గంట పోయేది. ప్రశ్న అడిగినవాళ్ళ సమస్య సౌండ్లు పెట్టడం కాదు, నచ్చిన సౌండ్లు పెట్టడం. నచ్చింది కాబట్టే మార్చబుద్ధి కాలేదు. నేను కావాలనే సాదాసీదా కిక్కు, సాదాసీదా స్నేరు పెట్టుకుంటా, వాటి ట్రాకులకి ఎర్ర రంగు. రాయడానికి పనికొస్తాయి, కానీ వింటుంటే మార్చాలనిపిస్తూనే ఉంటుంది. ఎర్ర రంగు ఒక్కటి మిగిలినా ట్రాకు ఎవరికీ పంపను.

రీస్‌కి కూడా అంతే. రెండు సా వేవ్‌లు (రంపం పళ్ళ ఆకారపు తరంగాలు) కొంచెం డీట్యూన్ చేసి (శ్రుతి తప్పించి) ఫిల్టర్ వేస్తే రీస్ వస్తుంది, 1988లో కెవిన్ సాండర్సన్ రీస్ అనే పేరుతో చేసినప్పుడు ఆ బేస్‌కి ఆ పేరు అంటుకుంది, ఇప్పటికీ మూలం అదే. ఆ రెండు సా వేవ్‌లు మాత్రమే సింథ్‌లో ఉంచండి, తయారైన ప్యాచ్ కాదు. దాని కింద ఒక ఆడియో ట్రాకు పెట్టి, ఇన్‌పుట్ మిడ్ బేస్ నుంచి తీసుకునేలా, ఎప్పుడూ రికార్డ్‌కి ఆర్మ్ చేసి ఉంచండి. ఫిల్టర్, డిస్టార్షన్ నాబ్‌లు తిప్పుతూ రెండు మూడు నిమిషాలు రికార్డ్ చేయండి, బాగున్న ముక్కలు కోసి, రివర్స్ చేసి, పిచ్ మార్చి మళ్ళీ రీశాంపుల్ చేయండి (వచ్చిన సౌండ్‌ని తిరిగి రికార్డ్ చేయడం). ఆ ముక్కలు రెండోసారి అలానే రావు, కాబట్టి ఒకే టెంప్లేట్ అయినా ట్రాకులు ఒకేలా ఉండవు. నాకు ఈ మ్యూజిక్‌లో అన్నిటికంటే ఇష్టమైన పని కూడా ఇదే, గంటలు గంటలు చేయగలను.

బ్రేక్ ట్రాకు మీద 180 హెర్ట్జ్ దగ్గర హై పాస్ (అడుగు సౌండ్‌ని కోసే ఫిల్టర్) ముందే వేసి ఉంచండి, అడుగున మీ కిక్కు ఒక్కటే ఉండాలి. ఆమెన్ బ్రేక్ (ఈ మ్యూజిక్‌లో బాగా వాడే డ్రమ్ లూప్) 1969 నాటిది, దాని అసలు వేగం దాదాపు 137 బీపీఎం. పాత శాంప్లర్లలో లాగా స్పీడ్ పెంచి 174కి తెస్తే పిచ్ నాలుగు సెమిటోన్లు పైకి వెళ్తుంది, జంగిల్ (డీఎన్‌బీకి ముందు వచ్చిన శైలి) డ్రమ్స్‌కి ఆ పల్చటి, తొందరపడుతున్న రంగు అందువల్లే వచ్చింది. వార్ప్‌తో (లైవ్‌లో ఆడియో వేగం మార్చే పద్ధతి) పిచ్ మార్చకుండా సాగదీస్తే ఆ రంగు పోతుంది, అందుకే లైవ్‌లో ఆ ట్రాకులో వేసే క్లిప్పులకి రీపిచ్ మోడ్ (వేగంతో పాటు పిచ్ కూడా మారేది) వాడతా.

ప్రశ్న అడిగినవాళ్ళు

అందరికీ చాలా థాంక్స్ అండి, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. నిన్న రాత్రి కూర్చుని పాత ట్రాకు ఒకటి తీసుకుని పాట మొత్తం తుడిచేశా, 41 ట్రాకులు కాస్తా 17కి వచ్చాయి. ట్రిగ్గర్ ట్రాక్ పెట్టగానే బేస్ కదలడం వేరేలా ఉంది, ఇన్నాళ్ళూ రిలీజ్ 180లో పెట్టుకుని బేస్‌లో పవర్ లేదు లేదు అని ప్యాచ్‌లు మార్చుకుంటూ కూర్చున్నా. లీనియర్ ఫేజ్ ఈక్యూ కూడా నిజమే, మాస్టర్ మీద ఎప్పట్నుంచో ఆన్‌లో ఉంది, ఆపగానే కీబోర్డ్ చేతికి అందింది.

ఇంకొక్కటి, అరేంజ్‌మెంట్ మార్కర్లు (పాటలోని భాగాల గుర్తులు) కూడా టెంప్లేట్‌లో పెడతారా? ఎనిమిది బార్ల లూప్ దగ్గర ఆగిపోవడం నాకు మామూలే. పెడితే మళ్ళీ అన్ని ట్రాకులూ ఒకే ఆకారంలో వస్తాయేమో అని ఒక భయం.

జవాబు 1 ఇచ్చినవాళ్ళు

పెట్టండి. ఆకారం ఒకేలా ఉండటం ఇక్కడ తప్పు కాదు, డీజేలు లెక్క పెట్టుకునేది 16, 32 బార్లలోనే. నావి ఇలా ఉంటాయి, ఇంట్రో 32, బిల్డప్ 16, డ్రాప్ (డ్రమ్స్, బేస్ పూర్తిగా వచ్చి పడే భాగం) 64, బ్రేక్‌డౌన్ 32, రెండో డ్రాప్ 64, అవుట్రో 32. మొత్తం 240 బార్లు, 174లో అయిదున్నర నిమిషాలు. మొదటి డ్రాప్ 1:06కి పడుతుంది. స్ట్రీమింగ్ కోసం చేస్తుంటే ఇంట్రోని 16కి కోసేయండి, అది వేరే మార్కర్ సెట్‌గా ఉంచుకోవచ్చు.

లూప్ దగ్గర ఆగిపోతున్నారంటే డ్రాప్ మార్కర్ నుంచే రాయడం మొదలుపెట్టండి, ప్లేహెడ్‌ని అక్కడే పార్క్ చేసి టెంప్లేట్ సేవ్ చేయండి, ప్రాజెక్ట్ తెరవగానే నేరుగా డ్రాప్‌లో ఉంటారు. ఎడమవైపు ఖాళీగా 48 బార్లు కనపడుతుంటే లూప్‌లో కూర్చోబుద్ధి కాదు.

సేవ్ చేసేటప్పుడు ఫైల్ మెనూలో సేవ్ లైవ్ సెట్ యాజ్ టెంప్లేట్ వాడండి, మామూలుగా సేవ్ చేసిన ఫైల్‌ని టెంప్లేట్‌గా వాడితే ఏదో ఒక రోజు దాని మీదే కొత్త ట్రాకు సేవ్ అయిపోతుంది. పేరులో తేదీ పెట్టుకోండి. ఒక్కో ట్రాకు పూర్తయ్యాక కొత్తగా నేర్చుకున్నది ఒక్కటి టెంప్లేట్‌లోకి తెచ్చి, వాడనిది ఒక్కటి తీసేస్తా నేను. మీ 17 ట్రాకుల్లో వరసగా మూడు పాటల్లో ముట్టుకోనిది ఏదైనా కనిపిస్తే దాన్ని కూడా లేపేయండి. కొత్త ట్రాకు తయారైతే ఇక్కడ పెట్టండి, డ్రాప్ వినాలనుంది.

జవాబు 2 ఇచ్చినవాళ్ళు

రిలీజ్ 180 నుంచి 80కి దించాక సబ్ మొదట్లో క్లిక్ వినపడుతోందేమో ఒకసారి సోలో చేసి చూడండి. వినపడితే కంప్రెసర్ అటాక్‌ని (తగ్గించడం మొదలుపెట్టడానికి పట్టే టైమ్) 1 మిల్లీసెకను నుంచి 3, 4కి పెంచండి, పోతుంది.

ప్రశ్న అడిగినవాళ్ళు

వినపడింది, 4కి పెట్టా, పోయింది. ఇప్పుడు జీలో ఒకటి మొదలుపెట్టా, కిక్కూ స్నేరూ ఇంకా ఎర్ర రంగులోనే ఉన్నాయి కానీ డ్రాప్ 32 బార్లు అయిపోయింది, మిగతా 32కి బేస్ ముక్కలు కోస్తున్నా.