మామిడి రసం సీసాల్లో నింపి అమ్మాలనుకుంటున్నాను, అనుభవం ఉన్నవారు చెప్పండి

నున్న తోట
అందరికీ నమస్కారం. నున్న దగ్గర మాకు నాలుగెకరాల మామిడి తోట ఉంది. సగం బంగినపల్లి, మిగిలింది కలెక్టరు (తోతాపురి), గట్టు వెంబడి పది రసాల చెట్లు. పోయిన వేసవిలో కోత కూలి, బండి బాడుగ పోగా చేతికి వచ్చింది చూసి నాన్నగారు మూడు రోజులు సరిగా అన్నం తినలేదు. అందుకే రసం తీసి 200 మిల్లీలీటర్ల సీసాల్లో విజయవాడ, గుంటూరు దుకాణాలకు వేద్దామని ఉంది. లైసెన్సు, యంత్రాలు, సీసాలు, జీఎస్టీ, అమ్మకం గురించి తెలిసినవారు చెప్పండి. గుజ్జు మనమే తీసుకోవాలా, చిత్తూరు వైపు నుంచి పీపాల్లో కొనుక్కోవాలా?

బెజవాడ ఏజెన్సీ
తయారీ సంగతి తర్వాత, తమ్ముడూ. పదకొండేళ్లుగా గొల్లపూడి నుంచి దుకాణాలకు పానీయాలు వేస్తున్నాను. కొత్త సరుకు తీసుకెళ్తే దుకాణదారు రుచి చూడడు. స్కీమ్ (కేసుకు ఉచితంగా ఇచ్చేది) ఎంత, అప్పు ఎన్నాళ్లు, గడువు దాటితే వెనక్కి తీసుకుంటావా అని అడుగుతాడు. వీటికి జవాబు సిద్ధం చేసుకోకుండా ఒక్క సీసా కూడా నింపకు. ఫ్రిజ్ పెద్ద కంపెనీది. అందులో మన సీసా పెడితే వాళ్ల మనిషి వచ్చి తీయించి బయటి అరలో పెట్టిస్తాడు. మే నెలలో బెజవాడలో వెచ్చటి మామిడి రసం ఎవరు తాగుతారు? ఆ బాధ పడలేక నేనే నలభై ఐసు పెట్టెలు కొని దుకాణాలకు ఇచ్చాను. ఇరవై రెండు తిరిగి రాలేదు.

ఇబ్రహీంపట్నం ప్లాంటు
పద్నాలుగేళ్లు పండ్ల పానీయాల తయారీలో ఉన్నాను. గుజ్జు నాలుక మీద వేసుకుంటే బ్రిక్స్, అంటే వందకు తీపి పాళ్లు, ఎంతో అర పాయింటు తేడాతో చెప్పగలను. వంద కిలోల పానీయం లెక్క రాసుకోండి. 15 బ్రిక్స్ ఉన్న గుజ్జు 15 కిలోలు వేస్తే దాని నుంచి వచ్చే తీపి 2.25 కిలోలు. మనకు కావలసింది 14. మిగిలిన 11.75 కిలోలు పంచదార. నిమ్మ ఉప్పుతో పీహెచ్‌ను (ఇది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4 కంటే కిందకు తేవాలి. 90 డిగ్రీల వరకు వేడి చేసి, 85కు తగ్గకముందే నింపి, మూత బిగించి, వెంటనే సీసాను వాల్చాలి. ఆ వేడికే మూత లోపలి భాగం శుద్ధి అవుతుంది. మామూలు నీళ్ల సీసా ముడుచుకుపోతుంది, వేడిని తట్టుకునే సీసాలు వేరే ఉంటాయి.

కాయ విషయానికి వస్తే, కలెక్టరు తప్ప మరొకటి ముట్టుకోకండి. బంగినపల్లి కోసుకుని తినే పండు. రసాలంటే పీచు.

నూజివీడు రసం
రసాలను పీచు అని తీసిపారేయడం చూశాక ఊరుకోలేకపోతున్నాను. మా తాతగారు నాటిన చిన్నరసం చెట్లు ఇప్పటికీ కాస్తున్నాయి. పండును రెండు అరచేతుల మధ్య మెత్తగా పిసికి, తొడిమ ఊడదీసి, మొదట కారే జీడి పిండేసి నోట పెట్టుకుంటే తెలుస్తుంది మామిడి అంటే ఏమిటో. పీచు జల్లెడ పడితే పోతుంది. కలెక్టరుకు వాసన ఎక్కడుంది? అది దోరగా ఉన్నప్పుడు ముక్కలు కోసి ఉప్పూకారం అద్దుకోవడానికి. మీ ప్లాంటులో దానికి మామిడి వాసన బయటి నుంచి పోస్తారు, కాదంటారా?

ఇబ్రహీంపట్నం ప్లాంటు
పోస్తాం, సీసా మీద రాస్తాం కూడా. మీ చిన్నరసాలు ఎన్ని వారాలు వస్తాయి? ఏడాది పొడవునా ఒకే రంగు, ఒకే పులుపు ఇచ్చేది కలెక్టరు గుజ్జే. ఒక వేసవిలో రసాలతోనూ చేసి చూశాను. వేడి తగిలేసరికి ఆ వాసన ఆవిరిలో పోయింది. వారం తిరిగేసరికి సీసాలో పైన నీరు, కింద గుజ్జు. ఆ కేసులన్నీ నా చేతులతో నేనే పారబోశాను.

నూజివీడు రసం
వేడి చేయడం చేతకానివారు చెట్టును తప్పుపడుతున్నారు.

గుంటూరు వంటిల్లు
అన్నయ్యలూ, మామిడి తగువు ఆపి నా బత్తాయి బాధ వినండి. లక్ష్మీపురంలో ఇంటి నుంచే మొదలుపెట్టాను. తెల్లవారుజామున పిండి, మూతలు వేసి, ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికి వేపాకు రసమే. గింజ ఒక్కటి కూడా పడనివ్వలేదు, తొక్క నలగనివ్వలేదు. ఒక వసతి గృహానికి ఇచ్చిన అరవై సీసాలూ వెనక్కి వచ్చాయి. జామకు మారాక నిలదొక్కుకున్నాను. సూక్ష్మ ఆహార పరిశ్రమల పథకంలో గుజ్జు యంత్రానికి 35 శాతం రాయితీ వచ్చింది, గరిష్ఠం 10 లక్షలు. బ్యాంకు చుట్టూ ఏడు నెలలు తిరిగాను, అయినా వదల్లేదు.

ఇబ్రహీంపట్నం ప్లాంటు
అమ్మా, అది గింజల తప్పు కాదు. బత్తాయి తొనల పొరల్లో చేదు లేని పదార్థం ఒకటి ఉంటుంది. పిండిన తర్వాత రసంలోని పులుపు తగిలి అది మెల్లగా లిమోనిన్‌గా మారుతుంది. అందుకే పిండగానే తియ్యగా ఉండి మర్నాటికి చేదెక్కుతుంది. పెద్ద కర్మాగారాల్లో చేదును పట్టుకునే రెజిన్ పూసల గుండా పంపి చేదు తీస్తారు. ఇంట్లో చేసేవారు పిండిన పూటే అమ్మేయాలి.

పటమట లెక్కలు
ఆయన జీఎస్టీ అడిగారు, ఒక్కరూ చెప్పలేదు. పండ్ల రసాలకు, గుజ్జుతో చేసే పానీయాలకు 12 శాతం ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతం. గ్యాస్ కలిపితే మాత్రం 40. కాబట్టి మామిడి సోడా ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి. సీసా మీద మాటలు చూసుకుని రాయండి. నేరుగా తాగే పండ్ల పానీయంలో కనీసం 10 శాతం పండు ఉండాలి, నిమ్మ అయితే 5. నీళ్లు కలిపి తయారు చేసిన రసాల మీద ‘100 శాతం పండ్ల రసం’ అన్న మాట తీసేయమని ఆహార భద్రతా సంస్థ 2024 జూన్‌లోనే ఆదేశించింది.

నూజివీడు రసం
పది శాతం! తొంభై పాళ్లు నీళ్లూ పంచదారా తాగించి మామిడి బొమ్మ వేసుకోవడానికి మనసెలా ఒప్పుతుంది?

బెజవాడ ఏజెన్సీ
పది రూపాయల సీసాలో ఇంకెంత పడుతుందండీ? శాతం సంగతి అలా ఉంచి, తమ్ముడు శుభ్రత మీద దృష్టి పెట్టాలి. ఒకసారి ఒక చిన్న తయారీదారు సరుకు బీసెంట్ రోడ్డు దగ్గర ఒక దుకాణానికి వేశాను. మిట్టమధ్యాహ్నం ఫోను వచ్చింది. వెళ్లి చూస్తే అటక మీద పేర్చిన సీసాల అడుగులు ఉబ్బి గుండ్రంగా తిరిగాయి, ఒక్కటీ నిలబడటం లేదు. నా కళ్ల ముందే రెండు మూతలు టప్పున లేచి, కింద ఉన్న బిస్కెట్ పెట్టెల మీద పులిసిన నురగ కారింది. పెట్టెల డబ్బు నేనే కట్టాను. ఆ దుకాణదారు ఇవాళ్టికీ నా దగ్గర కొత్త పేరున్న సరుకు తీసుకోడు.

నున్న తోట
అందరికీ కృతజ్ఞతలు. సీసాలు ఉబ్బిన సంగతి నాన్నగారికి చదివి వినిపించాను. ఈ ఏడాది గుజ్జు ఒక ప్లాంటులో తీయించి, వెయ్యి సీసాలతో ఆపుదామన్నారు. రసాల చెట్ల కాయ మాత్రం విడిగా చేసి చూడాలని నాకు ఉంది.

నూజివీడు రసం
అలాగే చేయండి బాబూ. మా చెట్ల కాయ రెండు బుట్టలు నేనూ పంపుతాను. ప్లాంటువారు తీసి చూపించాలి.

ఇబ్రహీంపట్నం ప్లాంటు
మే రెండో వారంలో పంపండి, పీచుకు సన్న జల్లెడ వేయిస్తాను. కార్బైడు పెట్టిన కాయ అయితే గేటు దగ్గరే ఆపేస్తాను. నిషేధం ఉన్నా ఇంకా పెడుతూనే ఉన్నారు. కాయను పండించే ఇథిలీన్ వాయువు గదిలో మాగబెట్టండి, 100 పీపీఎం (పది లక్షల పాళ్లలో వంద) వరకు అనుమతి ఉంది.

నూజివీడు రసం
కార్బైడా! మా ఇంట్లో వరిగడ్డి పరిచి వరుసలు పేర్చి, రోజూ మా అమ్మ ఒక్కో కాయ చేత్తో తడిమి చూసి మాగినవి ఏరుతుంది. గేటు దగ్గర ఆపడం కాదు, మీరే వచ్చి ఆ గది తలుపు తీసి వాసన చూసి వెళ్లండి.