గూగుల్ స్కాలర్‌లో ఒక లెక్క, స్కోపస్‌లో ఇంకో లెక్క: అప్లికేషన్‌లో హెచ్ ఇండెక్స్ ఏది రాయాలి?

వెల్డింగ్ మేడం:
అందరికీ నమస్కారం. నా రీసెర్చ్ అంతా 6061, 7075 రకాల అల్యూమినియం ప్లేట్ల మీద ఫ్రిక్షన్ స్టిర్ వెల్డింగ్ (లోహాన్ని కరిగించకుండా, గిర్రున తిరిగే పిన్‌తో కలిపి అతికించడం). అసోసియేట్ ప్రొఫెసర్ పోస్టుకి అప్లై చేస్తున్నాను. ఫారంలో హెచ్ ఇండెక్స్ (మన పేపర్లను మిగతావాళ్లు ఎంతగా ఉదహరించారో చెప్పే అంకె) అని గడి ఇచ్చారు, ఎక్కడి లెక్కో చెప్పలేదు.

అసలు గొడవ నా పేరుతో. పీహెచ్‌డీ నాటి పేపర్లలో పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్నట్టే ఇంటిపేరు పొడి అక్షరం, ఆ తర్వాత నా పేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా సర్‌నేమ్ గడిలోకి వెళ్లింది. అప్పట్నుంచి పేపర్లలో ఇంటిపేరే అసలు పేరై కూర్చుంది, నా పేరు ఒక్క అక్షరానికి కుదించుకుపోయింది. దాంతో రీసెర్చ్ పేపర్ల డేటాబేస్ అయిన స్కోపస్ లెక్కలో నేను ఇద్దరిని! ఒకావిడకి హెచ్ ఇండెక్స్ 6, రెండో ఆవిడకి 5. కలిపి 11 అని రాయొచ్చా?

పేపర్లు వెతికిపెట్టే గూగుల్ స్కాలర్ 10 అంటోంది. కానీ అందులో వరి అగ్గితెగులు మీద ఎవరిదో పేపర్ నా ఖాతాలో పడి ఉంది. నా వెల్డింగ్ పేపర్లన్నిటికంటే దానికే సైటేషన్లు (వేరే పేపర్లలో ఉదహరింపులు) ఎక్కువ. మా డిపార్ట్‌మెంట్‌లో ఒక సీనియర్‌ని అడిగితే "పెద్దది రాసేయమ్మా, ఎవడు చూస్తాడు" అన్నారు.

పాత ఫర్నేసు:
అమ్మా, 11 మాత్రం రాయకండి. హెచ్ ఇండెక్స్‌లు కూడితే కలిసేవి కావు. 2005లో హిర్ష్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ పెట్టిన లెక్క ఇది: కనీసం 7 సైటేషన్లు చొప్పున వచ్చిన పేపర్లు 7 ఉంటే ఇండెక్స్ 7.

ఒక ప్రొఫైల్‌లో సైటేషన్లు 20, 12, 9, 7, 6, 6, 2 అనుకోండి. ఇండెక్స్ 6. రెండో దాంట్లో 15, 11, 8, 5, 5, 1. అది 5. రెండూ కలిపి పెద్ద నుంచి చిన్నకి పేర్చండి: 20, 15, 12, 11, 9, 8, 7, 6... ఏడో పేపర్‌కి 7 ఉన్నాయి, ఎనిమిదో దానికి 6 మాత్రమే. అంటే 7 దగ్గర ఆగిపోయింది. మీవీ ఇలాగే కాగితం మీద వేసుకోండి, అయిదు నిమిషాల పని.

రెండు ప్రొఫైళ్లనూ కలపమని స్కోపస్‌కి రిక్వెస్ట్ పెట్టొచ్చు, డబ్బులేం కట్టక్కర్లేదు. ఆర్కిడ్ ఐడీ (రీసెర్చ్ చేసేవాళ్లకి ఒక్కొక్కరికీ ఇచ్చే సొంత నంబరు) లేకపోతే ఈరోజే తీసుకోండి. ఇంటిపేరు ముందో వెనకో తేలని మనలాంటి వాళ్లకి ఆ 16 అంకెలే దిక్కు.

హాస్టల్ మెటలర్జీ:
మేడం, ముందు ఆ అగ్గితెగులు పేపర్ తీసేయండి. పేరు కలిస్తే చాలు, గూగుల్ దానంతట అదే కలిపేసుకుంటుంది. సెట్టింగ్స్‌లో "నన్ను అడిగాకే చేర్చు" అన్న ఆప్షన్ పెట్టుకోండి. థీసిస్‌లు, ప్రీప్రింట్లలో (జర్నల్‌లో అచ్చవకముందే ఆన్‌లైన్‌లో పెట్టిన పేపర్లలో) వచ్చిన సైటేషన్లు కూడా అది లెక్కేస్తుంది. స్కోపస్ తన జాబితాలో ఉన్నవే చూస్తుంది, అందుకే అక్కడ తగ్గుతుంది. మా గైడ్‌ని ఒక ఇంటర్వ్యూలో సొంత సైటేషన్లు (తన పేపర్లను తానే ఉదహరించుకున్నవి) తీసేస్తే ఎంత అని అడిగారట. స్కోపస్‌లో అదీ ఒక్క క్లిక్కుతో తెలుస్తుంది, చూసుకుని వెళ్లండి.

టూల్ పిన్:
నాదీ మీ ఫీల్డే. ఈ వెల్డింగ్ 1991లో ఇంగ్లండ్‌లోని టీడబ్ల్యూఐ అనే వెల్డింగ్ పరిశోధన సంస్థలో పుట్టింది. 2005లో మిశ్రా, మా (Ma) అనే ఇద్దరు రాసిన రివ్యూని (అప్పటిదాకా జరిగిన పనంతా ఒకచోట చెప్పే పేపర్‌ని) సైట్ చేయకుండా మనలో ఎవరూ పేపర్ మొదలుపెట్టరు. అలాంటి రివ్యూ పక్కన మన ప్రయోగాల పేపర్లు పెట్టి చూసుకుంటే దిగులు తప్ప ఏమీ మిగలదు. మీ పేపర్‌ని సైట్ చేసినవాళ్లు ఎందుకు చేశారో మాత్రం తెరిచి చూడండి. మీ పిన్ ఆకారమో, తిప్పిన వేగమో తీసుకుని పని చేసినవాళ్లు ఇద్దరున్నా ఇంటర్వ్యూలో చెప్పుకోవచ్చు. ఇంట్రడక్షన్‌లో పన్నెండు పేపర్లకీ కలిపి [4–15] అని గుంపులో తోసేసినవి నా దృష్టిలో సైటేషన్లే కావు. అచ్చుకు ముందు పేపర్‌ని పరిశీలించే రివ్యూయర్ "నావి అయిదు పేపర్లు సైట్ చెయ్" అంటే చేసినవైతే ఇక చెప్పక్కర్లేదు.

వెల్డింగ్ మేడం:
అందరికీ చాలా థాంక్స్. పేర్చి చూస్తే స్కోపస్‌లో 8 వచ్చింది. వరి పేపర్ తీసేశాక గూగుల్‌లో 10 కాస్తా 9 అయింది. రిక్వెస్ట్ పెట్టాను. ఈలోగా గడువు అయిపోతుందేమోనని టెన్షన్.

పాత ఫర్నేసు:
స్కోపస్ 8 అని రాసి, పక్కన తేదీ వేయండి. రెండు ఐడీలూ ఇచ్చి, రెండు పేజీలూ ప్రింట్ తీసి ఫారానికి జత చేయండి. పాస్‌పోర్టు కాపీ కూడా పెడితే పేరు సంగతి వాళ్లే చూసుకుంటారు.