వరదల్లో ఒక్కటిగా నిలబడిన మా షెడ్డు ఇప్పుడెందుకిలా అయింది?

బెజవాడ సర్వీస్ మేనేజర్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. విజయవాడలో ఆటోలు, బైకులు రిపేరు చేసే ఒక సర్వీస్ సెంటర్‌లో ఆరేళ్ళుగా మేనేజర్‌గా చేస్తున్నాను. మొత్తం 41 మందిమి. మెకానిక్‌లు, హెల్పర్లు, వాటర్ సర్వీసింగ్ కుర్రాళ్ళు, ఇద్దరు పెయింటర్లు, జాబ్ కార్డులు రాసే అడ్వైజర్లు, స్పేర్స్ కౌంటర్‌లో ముగ్గురు ఆడవాళ్ళు. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. తెల్లారేసరికి బుడమేరు వాగు నీళ్ళు సింగ్‌నగర్‌లోకి వచ్చేశాయి. మా వాళ్ళలో 11 మంది ఇళ్ళు అటువైపే. రాజరాజేశ్వరిపేట, పాయకాపురం, వాంబే కాలనీ. ఎవరికి ఫోన్ చేసినా కలవలేదు. సోమవారం మధ్యాహ్నం ఫ్లైఓవర్ దగ్గరికి వెళ్ళి నిలబడితే, పడవలోంచి మా పెయింటర్ దిగాడు. భుజం మీద కూతురు, చేతిలో ప్లాస్టిక్ కవర్, అందులో ఆధార్ కార్డులు. నన్ను చూడగానే అడిగిన మొదటి మాట, "సార్, షెడ్డులోకి నీళ్ళొచ్చాయా?" అని. తన ఇల్లు మునిగిపోయి ఉంది. ఆ మాట నేను ఎప్పటికీ మర్చిపోలేను.

నీళ్ళు తగ్గుతున్నప్పుడు మా సీనియర్ మెకానిక్ వచ్చి, "సార్, ఆటోవాళ్ళు ఆత్రంగా సెల్ఫ్ కొట్టేస్తారు. సిలిండర్లో నీళ్ళుంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోద్ది, ఇంజన్ పోద్ది. మనమే ముందు వెళ్దాం" అన్నాడు. నేను ఆర్డర్ వేయలేదు. ఓనర్‌కి ఫోన్‌లో చెప్పాను, సరేనన్నారు. అంతే. వీధి చివర టార్పాలిన్ కట్టి, ఎవరూ స్టార్ట్ చేయొద్దని కేకలేస్తూ ఒక్కో బండీ తోసుకొచ్చారు. ప్లగ్ విప్పి ఇంజన్ తిప్పితే బుస్సుమని బురదనీళ్ళు. ఆయిల్ తీస్తే పాల టీ రంగులో వచ్చేది. డీజిల్‌తో కడగడం, కొత్త ఆయిల్ పోసి రెండు నిమిషాలు నడిపి అదీ పారబోయడం, మళ్ళీ పోయడం. వైరింగ్ కప్లర్లకి కంప్రెసర్‌తో గాలి కొట్టడం, బ్రేక్ డ్రమ్ములు విప్పి బురద గీకడం. 12 రోజుల్లో 163 ఆటోలు. లేబర్ చార్జీ ఒక్క రూపాయి తీసుకోలేదు. సొంత ఇంట్లో మోకాలెత్తు బురద ఉన్నవాళ్ళు కూడా పొద్దున్న ఇల్లు కడుక్కుని మధ్యాహ్నానికి వచ్చేవాళ్ళు.

ఇక ఇప్పటి సంగతి. పోయిన నెల ఓనర్‌గారు రక్తదాన శిబిరం పెడదామన్నారు. బ్యానర్ కట్టాం, అందరికీ టీషర్టులు కుట్టించాం, ఆదివారం ఉదయం 7 గంటలకి రమ్మన్నాం. 41 మందిలో 9 మంది వచ్చారు. ఈ ఆరు నెలల్లో నలుగురు మంచి మెకానిక్‌లు మానేశారు. రోజూ పొద్దున్న మీటింగ్ పెడతాను, నేను మాట్లాడతాను, వాళ్ళు నేలచూపులు చూస్తారు. సలహాల పెట్టె పెడితే మూడు నెలల్లో రెండు చీటీలు పడ్డాయి.

వాళ్ళ మీద ఫిర్యాదు చేయడానికి ఇది రాయడం లేదు. వీళ్ళు ఎలాంటి మనుషులో నేను కళ్ళారా చూశాను. ఆ మనుషులు నా ముందే ఉన్నారు, కానీ దూరమైపోయారు. ఎక్కడ తెగిందో తెలియక రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

గుంటూరు మిల్లు హెచ్ఆర్

అన్నా, నేను స్పిన్నింగ్ మిల్లులో పదిహేనేళ్ళుగా హెచ్ఆర్‌లో ఉన్నాను. మీ పోస్టు రెండుసార్లు చదివాను.

ఈ ఎంగేజ్‌మెంట్, అంటే పనిలో మనసు పెట్టడం, అనే మాట మా హెచ్ఆర్ వాళ్ళ నోళ్ళలో ఇంతగా నానడానికి మూలం 1990లో విలియం కాన్ అనే ఆయన రాసిన ఒక వ్యాసం. ఒక వేసవి శిబిరంలో పనిచేసేవాళ్ళనీ, ఒక ఆర్కిటెక్చర్ ఆఫీసులో పనిచేసేవాళ్ళనీ గమనించి రాశారు. మనిషి పనిలో మనసు పెట్టాలంటే మూడు కుదరాలంటారు ఆయన. చేసే పనికి అర్థం కనిపించాలి. నోరు విప్పితే తనకేం కాదన్న ధైర్యం ఉండాలి. ఒంట్లో, మనసులో ఓపిక మిగిలి ఉండాలి.

మీ వరద కథలో ఈ మూడూ ఉన్నాయి. మునిగింది వాళ్ళ పేటే, బాగుచేసింది వాళ్ళ పక్కింటివాళ్ళ బండే, కాబట్టి అర్థం ఎవరూ చెప్పక్కర్లేదు. మెకానిక్ ఒక మాటన్నాడు, మీరు విన్నారు, అదే ధైర్యం. ఇప్పుడు రక్తదానం ఎవరు అనుకున్నారు? ఓనర్. ఎప్పుడు పెట్టారు? ఆరు రోజులు బండ్ల కింద పడుకుని పనిచేసినవాడికి దొరికే ఒక్క ఆదివారం, అదీ ఉదయం 7 గంటలకి. రక్తదానం గొప్ప పనే, నేనే ఏటా ఇస్తాను. కానీ ఆదివారం రమ్మంటే అది సేవలా అనిపించదు, డ్యూటీలా అనిపిస్తుంది.

ఇంకో సంగతి. కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద సీఎస్ఆర్ ఖర్చు, అంటే కంపెనీ సమాజసేవకి పెట్టాల్సిన ఖర్చు, తప్పనిసరి అయ్యేది 500 కోట్ల నికర విలువ, 1000 కోట్ల టర్నోవర్, 5 కోట్ల నికర లాభం, వీటిలో ఏదో ఒకటి దాటిన కంపెనీలకే. 41 మందితో నడిచే షెడ్డుకి ఆ బాధ దాదాపుగా ఉండదు. రిపోర్టులో ఫోటో పెట్టాల్సిన అవసరం లేనప్పుడు బ్యానర్ ఎందుకు? మీ వాళ్ళకి చేతనైన పని, వాళ్ళు ఎంచుకున్న చోట, డ్యూటీ టైములో చేయనివ్వండి.

బాధపడకండి గానీ, ఒక జట్టుకీ ఇంకో జట్టుకీ మధ్య ఉత్సాహంలో కనిపించే తేడాలో కనీసం 70 శాతం మేనేజర్ వల్లేనని గాలప్ అనే సర్వే సంస్థ లెక్క. అంటే ఓనర్ కన్నా మీ చేతిలోనే ఎక్కువ ఉంది. నాకైతే ఇది మంచి వార్తే అనిపిస్తుంది.

పటమట మెకానిక్

సార్, నేను మెకానిక్‌ని. మీ షెడ్డు కాదులెండి. ఉన్నదున్నట్టు చెప్తా, తప్పుగా అనుకోకండి.

మీటింగులో మేం ఎందుకు మాట్లాడమంటే, ఒకసారి మాట్లాడి చూశాం కాబట్టి. నా పాత షెడ్డులో ఇన్సెంటివ్ ఎలా లెక్కేశారని అడిగా. "అకౌంట్స్‌లో కనుక్కో" అన్నారు. అకౌంట్స్‌కి వెళ్తే "మేనేజర్‌ని అడుగు" అన్నారు. రెండోసారి ఎవడడుగుతాడు సార్? నోరు మూసుకుని పని చేసుకోవడం, బయట రెండు వేలు ఎక్కువిస్తామంటే వెళ్ళిపోవడం.

ఇంకోటి అడుగుతా. వరదలప్పుడు మీ 11 మందికి డబ్బులేమైనా ఇచ్చారా? ఇచ్చుంటే, అవి తర్వాత ఏమయ్యాయో ఒకసారి చూసుకోండి. మా దగ్గర తలా 5 వేలు చేతిలో పెట్టారు. మా అమ్మ ఓనర్ పేరు చెప్పుకుని దేవుడి పటం ముందు దీపం పెట్టింది. రెండు నెలలయ్యాక జీతంలో కోసేశారు. డబ్బు పోయినందుకు కాదు సార్ బాధ. అప్పని ముందే చెప్తే అప్పుగానే తీసుకునేవాళ్ళం. మా అమ్మకి ఆ సంగతి నేను ఇప్పటిదాకా చెప్పలేదు.

బెజవాడ సర్వీస్ మేనేజర్

తమ్ముడూ, నీ పోస్టు చదివి లేచి నేరుగా అకౌంట్స్ రూముకి వెళ్ళాను.

మేం తలా 10 వేలు ఇచ్చాం. ఇచ్చింది నా చేత్తోనే. "ముందు ఇల్లు చూసుకోండి, డబ్బు సంగతి తర్వాత చూద్దాం" అన్నాను. రిజిస్టర్‌లో అది అడ్వాన్స్ అని ఎక్కింది. అక్టోబర్ జీతం నుంచి నెలకి 2 వేల చొప్పున ఐదు నెలలు కోశారు. అకౌంటెంట్ తప్పేం లేదు, అడ్వాన్స్ అని రాసి ఉంటే కోయడం ఆయన పని. నేను జీతాల షీటు మీద సంతకం పెట్టాను, మొత్తం చూశాను, వరసలు చూడలేదు. ఐదు నెలల్లో ఆ 11 మందిలో ఒక్కరు కూడా వచ్చి నన్ను అడగలేదు. నన్ను బాగా కోస్తున్నది ఇదే. అడిగినా జవాబు రాదని వాళ్ళకి అప్పటికే తెలిసిపోయి ఉండాలి.

మానేసిన నలుగురిలో ఇద్దరు ఆ 11 మందిలోవాళ్ళే.

రిటైర్డ్ ఫోర్‌మన్

బాబూ, నేను బస్సుల డిపో గ్యారేజీలో 31 ఏళ్ళు పనిచేసి ఫోర్‌మన్‌గా రిటైరయ్యాను. మీరు తప్పు ఒప్పుకున్న తీరు చూసి రాయాలనిపించింది.

ముందు ఓనర్‌ని వెంటబెట్టుకుని, అందరినీ నిలబెట్టి క్షమాపణ చెప్పకండి. అలా చేస్తే వాళ్ళు సిగ్గుపడి "పర్లేదు సార్" అంటారు, సంగతి మళ్ళీ లోపలికి పోతుంది. ఒక్కొక్కరి ఇంటికి మీరొక్కరే వెళ్ళండి. మానేసినవాళ్ళ ఇళ్ళకి కూడా.

రెండోది. ఆ పెట్టె తీసేయండి. పెట్టెలో వేసిన చీటీ ఎవరు చదివారో, ఏం చేశారో వేసినవాడికి తెలియదు. నేను 200 పేజీల లాంగ్ నోటుబుక్ ఒకటి కొని, తాడు కట్టి టూల్ రూము కిటికీకి వేలాడదీశాను. గీతలు కొట్టి గళ్ళు చేశాను. ఏం కావాలి, ఎవరు చేయాలి, ఏ తేదీలోపు, ఏమైంది. మొదటివారం ఎవరూ రాయలేదు. నేనే రాశాను, "మూడో పిట్‌లో లైటు వెలగడం లేదు, ఫోర్‌మన్, బుధవారం" అని. బుధవారం పొద్దున్నే బల్బు వేయించి, "అయింది" అని అందరూ చూస్తుండగా రాశాను. ఆ రోజు మధ్యాహ్నానికే ఒక ఎలక్ట్రీషియన్ వచ్చి రెండో గీత నింపాడు. కుదరని పనులకి కూడా "కుదరదు" అని రాసి, ఎందుకు కుదరదో పక్కన రాసేవాణ్ణి. కుదరదన్నందుకు ఎవరూ అలగలేదు. జవాబు లేకుండా గడి ఖాళీగా ఉంటే మాత్రం అందరూ దాన్నే చూసేవాళ్ళు.

చట్టం సంగతి కూడా చెబుతాను. 20 మంది, అంతకన్నా ఎక్కువ కార్మికులున్న పరిశ్రమలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి, యాజమాన్యం తరఫునా కార్మికుల తరఫునా సమానంగా సభ్యులుండాలి. మీకు ఎలా వర్తిస్తుందో కార్మిక శాఖ ఆఫీసులో కనుక్కుని పెట్టుకోండి. అందులో స్పేర్స్ కౌంటర్ ఆడవాళ్ళలో ఒకరైనా ఉండేలా చూడండి.

బెజవాడ సర్వీస్ మేనేజర్

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. ఫోర్‌మన్‌గారూ, మీరు చెప్పినట్టే ఒక్కడినే తిరిగాను, 11 ఇళ్ళూ.

పెయింటర్ ఇంటికి మొదట వెళ్ళాను. ముందుగదిలో గోడ మీద నా ఛాతీ ఎత్తున గోధుమరంగు గీత ఉంది. నీళ్ళు అక్కడిదాకా నిలిచాయి. పక్క గదికి సున్నం వేసుకున్నాడు, దీనికి వేయలేదు. ఎందుకని అడిగితే, "డబ్బులు అందినప్పుడు వేద్దామని ఆపాను సార్, తర్వాత కుదరలేదు" అన్నాడు. నేను వచ్చిన విషయం చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. ఆయన భార్య మాత్రం, "మీరు అప్పని చెప్పుంటే మేం ఫ్రిజ్ రిపేరు చేయించుకునేవాళ్ళం కాదండీ" అంది. ఇంకో ఇంట్లో నన్ను లోపలికి రమ్మనలేదు, గుమ్మం దగ్గరే మాట్లాడి పంపించారు. వాళ్ళది తప్పని నేను అనుకోవడం లేదు.

ఓనర్‌గారికి మొత్తం వివరంగా చెప్పాను. ఆయన కోపం తెచ్చుకోలేదు, "నాకెందుకు చెప్పలేదయ్యా" అన్నారు. కోసిన డబ్బు రెండు దఫాలుగా వెనక్కి ఇస్తున్నాం, మానేసిన ఇద్దరికి కూడా. వాళ్ళలో ఒకరు తిరిగొస్తానన్నారు. రెండో అతను రానన్నాడు, కొత్తచోట బాగానే ఉందట.

నోటుబుక్ కట్టాను. మొదటి గీత నేనే రాశాను, ఇన్సెంటివ్ లెక్క ప్రతి నెలా 5వ తేదీన బోర్డు మీద రాయాలని. పటమట తమ్ముడికి థాంక్స్, అది నీ మాటే. ఇప్పటికి 17 గీతలు నిండాయి. వాషింగ్ బే దగ్గర జారుతున్న నేల, ఆడవాళ్ళ బాత్రూముకి గడియ, టీ టైము పది నిమిషాలు పెంచమని. టీ టైముకి "కుదరదు" అని రాసి కారణం రాశాను. కొంచెం గొణుక్కున్నారు. పర్వాలేదు, గొణుగుడైనా వినిపిస్తోంది.

18వ గీత నిన్న పడింది, మా సీనియర్ మెకానిక్ చేతిరాత. "పాయకాపురంలో స్కూలు పిల్లల సైకిళ్ళు చాలా పాడై ఉన్నాయి. బుధవారం మధ్యాహ్నం పని తక్కువ. మనం వెళ్దాం." ఎవరు అనే గడిలో ఆరుగురి పేర్లు రాసి ఉన్నాయి. ఆ పూట జీతం ఇస్తాం, బ్యానర్ లేదు.

ఒక్కటే ఇబ్బంది. మా వాళ్ళకి ఇంజన్లు తెలుసు గానీ సైకిల్ ఫ్రీవీల్ విప్పడం, రిమ్ములో వంకర తీయడం సరిగ్గా రాదు. వన్‌టౌన్‌లో గానీ సత్యనారాయణపురంలో గానీ పాతకాలం సైకిల్ మెకానిక్ ఎవరైనా తెలిస్తే చెప్పండి. రెండు సాయంత్రాలు వచ్చి నేర్పితే చాలు, ఆయన కూలి మేం ఇస్తాం.