పాత ఫియట్ ముందు అద్దం: రబ్బరుతో పాటు సీలెంట్ పెట్టాలా, వద్దా?

పద్మిని78:
మా నాన్నగారి 1978 ప్రీమియర్ పద్మినికి (పాత ఫియట్ కారే) వేసవిలో పెయింటింగ్ చేయించి, ముందు అద్దానికి కొత్త రబ్బరు వేయించాను. రబ్బరు జాంబాగ్‌లో కొన్నాను. మొన్నటి వానకు ఎడమవైపు కింది మూలలోంచి నీళ్లు దిగి కార్పెట్ అంతా తడిసింది. అద్దం బిగించినతను సీలెంట్ (నీళ్లు దిగకుండా సందుల్లో పెట్టే జిగురు) పెట్టలేదు. పెట్టి ఉండాల్సిందా, లేదా? అదొక్కటి చెప్పండి.

అంబీ_మల్కాజ్‌గిరి:
పెట్టాలి. ఇందులో చర్చే లేదు. నా అంబాసిడర్‌కు 2016లో రబ్బరు మార్చినప్పుడు చుట్టూ సిలికాన్ సీలెంట్ కొట్టించాను. ఇప్పటివరకు ఒక్క చుక్క లోపలికి రాలేదు.

అద్దాలపని_రాణిగంజ్:
సిలికాన్ వద్దు. ఇరవై రెండేళ్లుగా నా పని ఇదే, మా నాన్న పనీ ఇదే. కొత్త కార్లకు అద్దాన్ని పాలీయూరిథేన్ జిగురుతో బాడీకి అతికిస్తారు. పాత ఫియట్‌కు, అంబాసిడర్‌కు అద్దాన్ని పట్టుకునేది రబ్బరే. దానికి రెండు గాడులుంటాయి. ఒకదాంట్లో అద్దం, రెండోదాంట్లో బాడీ రేకు అంచు. ముందు రబ్బరును అద్దానికి తొడుగుతాం. రేకు పట్టే గాడిలో చుట్టూ నైలాన్ తాడు పెట్టి, రెండు కొసలూ కింద మధ్యలోకి తెస్తాం. షాంపూ నీళ్లు రాసి, బయట ఒకరు అరచేత్తో నొక్కుతుంటే లోపల కూర్చున్నవాడు తాడు మెల్లగా లాగుతాడు. తాడు వచ్చేకొద్దీ రబ్బరు లోపలి అంచు రేకు మీదికి ఎక్కుతుంది. అది సరిగ్గా కూర్చుంటే నీళ్లు రావు. షాంపూకు బదులు గ్రీజు రాసేవాళ్లున్నారు, దాంతో రబ్బరు ఉబ్బి పాడవుతుంది. ఇక చవక సిలికాన్ ఆరేటప్పుడు వెనిగర్ వాసన వస్తుంది చూడండి, అది ఆమ్లం. పెయింట్ లేచిన చోట రేకును తినేస్తుంది.

హెరాల్డ్_తార్నాక:
మాదానికి ఏమీ పెట్టలేదు. కారడం లేదు.

కోఠి_పాతకార్లు:
మాదానికి పెట్టాం. కారుతోంది.

అంబీ_మల్కాజ్‌గిరి:
వాసన సంగతి పక్కన పెట్టు అన్నా. ఇన్ని వానాకాలాలు గడిచాయి, నా కారు లోపల పొడిగా ఉంది. అంతకన్నా రుజువు ఏం కావాలి?

అద్దాలపని_రాణిగంజ్:
ఒక్కసారైనా రబ్బరు లేపి కింద రేకు చూశారా? రబ్బరులోకి చేరిన నీళ్లు సిలికాన్ అడ్డం ఉంటే బయటికి కూడా పోలేవు. అక్కడే నిలిచి తుప్పు పట్టిస్తాయి.

అంబీ_మల్కాజ్‌గిరి:
కారని అద్దాన్ని ఎందుకు లేపాలి? లేపితే కారుతుంది, మళ్లీ మీ దగ్గరికే రావాలి.

పద్మిని78:
మీ ఇద్దరి గొడవలో నా ప్రశ్న పోయింది. రెండు వేలు తీసుకున్నాడు అతను. స్క్రూడ్రైవర్‌తో రబ్బరు లేపి కొత్త పెయింట్ మీద గీతలు పెట్టాడు. వానకు కారిందని ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. అంతకుముందు ఇంకొకతను అద్దాన్ని గుద్ది గుద్ది మూల పగలగొట్టాడు. హైదరాబాద్‌లో ఈ పని వచ్చినవాడే లేడు. సీలెంట్ పెట్టి ఉంటే నాకీ టెన్షన్ ఉండేదా?

అద్దాలపని_రాణిగంజ్:
స్క్రూడ్రైవర్ వాడటం తప్పే. ప్లాస్టిక్ పుల్లతో చేయాలి. లామినేటెడ్ అద్దాన్ని గుద్దకూడదు, రెండు అద్దాల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది, అంచు మీద దెబ్బ పడితే చీలిక పాకుతుంది. అతని తరఫున నేను మాట్లాడను. కానీ ఒకటి చెప్పండి. పెయింటింగ్‌కు ముందు అద్దం కింది రేకు అంచును ఇనుము కనిపించేదాకా గీకించారా?

పద్మిని78:
దానికీ దీనికీ ఏం సంబంధం?

అద్దాలపని_రాణిగంజ్:
అసలు సంబంధం దానితోనే. గీకించారా?

పద్మిని78:
మూల దగ్గర కొంచెం తుప్పు ఉంది. పెయింటర్ పుట్టీ పెట్టి సరిచేశాడు. చెల్లిని అత్తగారింటికి ఆ కారులోనే పంపాలని మా అమ్మ కోరిక. నాన్న ఉండగా అనుకున్న మాట అది. అప్పటికి పెళ్లికి తొమ్మిది రోజులే మిగిలాయి. రేకు కోసి కొత్తది వెల్డింగ్ చేయాలంటే ఇంకో రెండు వారాలన్నారు. నేనే వద్దన్నాను.

అద్దాలపని_రాణిగంజ్:
పెళ్లి మాట కాదనలేను. కానీ నా కడుపుమంట కూడా వినండి. రబ్బరు గాడి రేకు మందానికి సరిపడా ఉంటుంది. పుట్టీ, పెయింట్ కలిసి రేకు మందమైతే గాడి నిండా కూర్చోదు. పుట్టీ కింద తుప్పు పెరుగుతూనే ఉంటుంది. పెయింటింగ్‌కు యాభై అరవై వేలు పెడతారు, అద్దం పనికి రెండు వేలంటే బేరం ఆడతారు. రేకు బాగోలేదు, బిగించను అంటే 'నీకు పని రాదు' అంటారు. బిగిస్తే నీళ్లు కారిన రోజు నింద మాకు. మా నాన్న అరచేతిలో పాత అద్దం కోసిన మచ్చలు ఏడున్నాయి. ఆయన్నీ ఇదే మాట అన్నారు.

అంబీ_మల్కాజ్‌గిరి:
అన్నా, ఆ మాట నేను అనలేదు. నాది రోజూ నడిపే బండి. రేకు పనికి ఇరవై రోజులు షెడ్డులో పెడితే ఇల్లు గడవదు. అందుకే సిలికాన్. మీరు ఇరవై ఏళ్లు నిలిచే పని చెబుతున్నారు, నేను రేపు పొద్దున్న సంగతి చెబుతున్నాను.

అద్దాలపని_రాణిగంజ్:
ముందే అలా చెప్పి ఉంటే ఇంత వాదన ఉండేది కాదు. రోజూ నడిపే బండికైనా గట్టిపడని నల్ల సీలెంట్ దొరుకుతుంది, అది వాడండి. సిలికాన్ మాత్రం వద్దనే అంటాను.

అంబీ_మల్కాజ్‌గిరి:
నాకు పనిచేసింది నేను చెబుతాను.

పద్మిని78:
ఇప్పుడు నన్నేం చేయమంటారు?

అద్దాలపని_రాణిగంజ్:
ముందు నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడండి. ఒకరు లోపల టార్చి పట్టుకుని కూర్చోవాలి, బయటి నుంచి పైపుతో కింది అంచు దగ్గర మొదలుపెట్టి మెల్లగా పైకి పోయాలి. పై నుంచి పోస్తే అన్నిచోట్లా తడిసి ఏమీ తెలియదు. ఆ మూల దగ్గరే అయితే అద్దం దించాలి, పుట్టీ గీకాలి. రబ్బరు సాగదీసి వేశారేమో కూడా చూడండి. అలా వేస్తే కొన్ని నెలలకు ముడుచుకుని మూలల్లో సందు వస్తుంది.

పద్మిని78:
ఆదివారం మా బావను లోపల కూర్చోబెట్టి చూస్తాను. అద్దం దించాల్సి వస్తే మీరు వస్తారా అన్నా?

అద్దాలపని_రాణిగంజ్:
వస్తాను. రేకు పని అయ్యాకే బిగిస్తాను.