కగెయామా టాస్‌కి ఎవరూ ఎగరకపోవడం న్యాయమేనా?

తూనీగ:
మా అక్క కొడుకుతో కలిసి ‘హైక్యూ’ మళ్లీ మొదటి నుంచి చూస్తున్నాను. వాడికి పదేళ్లు. చూడనివాళ్ల కోసం చెబుతున్నా: హరుయిచి ఫురుదాతే కామిక్స్ ఆధారంగా 2014లో మొదలైన జపాన్ వాలీబాల్ యానిమేషన్ సిరీస్ ఇది. అందులో కగెయామా సెట్టర్, అంటే రెండో టచ్‌లో, కొట్టేవాడి కోసం బంతిని పైకి లేపి అందించే ఆటగాడు. అలా అందించడాన్నే టాస్ అంటారు. మిడిల్ స్కూల్ ఫైనల్లో అతను టాస్ వేస్తాడు, కొట్టడానికి ఒక్కడూ ఎగరడు. బంతి సొంత కోర్టులోనే పడుతుంది. కోచ్ అతన్ని బయట కూర్చోబెడతాడు. మావాడు అక్కడ ఆపేసి, "గెలుద్దామనే కదా వేశాడు, మరి వీళ్లెందుకు ఎగరలేదు?" అన్నాడు. నేను ఏదో చెప్పి దాటేశాను గానీ అది జవాబు కాదని నాకే తెలుసు. మీరేమంటారు?

రెండోటచ్:
మీవాడు సరిగ్గా పట్టుకున్నాడు. నెట్ దగ్గర అడ్డుకునే అవతలి జట్టు బ్లాకర్లు చేతులు లేపేలోగా బంతి దాటిపోవాలంటే టాస్ వేగంగా ఉండాలి. కగెయామా ఆరాటమంతా దాని కోసమే. దానికి దక్కిన పేరు ‘కోర్టు రాజు’. బయటివాళ్లు పొగడ్త అనుకున్నారు, నిజానికి సొంత జట్టువాళ్లు కసితో పెట్టిన పేరది.

నేను నాలుగేళ్లు సెట్టర్‌గా ఆడాను. అందరికంటే ముందొచ్చి గోడకేసి బంతి ఆడుతుంటే వేళ్లు వాచిపోయేవి. ఎవరి కోసం? కొట్టేవాడికి బంతి బాగా అందాలని. పాయింట్ వస్తే చప్పట్లు వాడికి, పోతే "టాస్ బాలేదు". ఆ బాధ ఆ చోట నిలబడ్డవాళ్లకే తెలుస్తుంది.

గోడపక్కన:
ఉద్దేశం మంచిది కాదని ఎవరన్నారు? అతను అరిచే తీరు చూడండి. ఇంకా త్వరగా కదలాలి, ఇంకా ఎత్తు ఎగరాలి, నా టాస్ అందుకోవాలి. ఏం మారాలన్నా అవతలివాడే మారాలి. ఎంత గొప్ప బంతైనా ఎవరికీ అందకపోతే ఏం లాభం?

చిరుజల్లు:
ఆ పాత జట్టులోని కునిమి అసలే నింపాదిగా, ఓపిక దాచుకుని ఆడే మనిషి. అలాంటివాడి మీద రోజూ అరిస్తే ఏమవుతుంది?

రెండోటచ్:
"అందకపోతే" అన్నారు, అక్కడే నేను ఒప్పుకోను. ఇదే కగెయామా హైస్కూల్లో, కరాసునో జట్టులో, మెరుపులాంటి టాస్‌లు వేస్తే అక్కడి సహ ఆటగాడు హినాటా కళ్లు మూసుకుని కొట్టాడు. మరి టాస్‌లో తప్పేముంది?

గోడపక్కన:
కళ్లు మూసుకున్నాడంటేనే అర్థం కావడం లేదా? హినాటా బంతిని వెతుక్కోలేదు. అతను ఎగిరిన చోటికి, చెయ్యి ఊపే క్షణానికి బంతిని తెచ్చి పెట్టింది కగెయామా. పాత జట్టులో బంతి ఉన్నచోటికి మనిషి పరిగెత్తాలి. పద్ధతే వేరు.

రెండోటచ్:
ఎగిరితేనే కదా బంతి చేతికొచ్చేది! హినాటా ప్రతిసారీ నమ్మి ఎగిరాడు. వాళ్లు నమ్మలేదు.

నెట్టుకింద:
తర్వాత హినాటా కళ్లు తెరిచే కొడతానంటే ఇద్దరూ తన్నుకున్నారు కూడా. చివరికి కగెయామానే టాస్ మార్చుకున్నాడు. బంతి దూసుకుపోకుండా, హినాటా కొట్టే చోట కాస్త ఆగినట్టయి కిందికి దిగాలి. అది కుదిరేదాకా వదల్లేదు.

రెండోటచ్:
చూశారా, అవకాశమిస్తే నేర్చుకున్నాడు. పాత జట్టు ఆ అవకాశమే ఇవ్వలేదు.

గోడపక్కన:
ఎన్ని అవకాశాలు ఇవ్వాలండీ? పొద్దుటి నుంచి చూస్తున్నా, మీ మాటల్లో కొట్టేవాళ్లు మనుషుల్లా లేరు, చేతుల్లా ఉన్నారు. మీ జట్టువాళ్లు మీతో ఎలా నెగ్గుకొచ్చారో గానీ.

రెండోటచ్:
నెగ్గుకురాలేదు. ఒకరోజు మ్యాచ్‌లో నేను టాస్ వేస్తే ముగ్గురూ నిలబడిపోయారు. ముందే అనుకున్నారట. అమ్మానాన్న చూడ్డానికొచ్చిన రోజు. బంతి రెండుసార్లు ఎగిరి గీత దాటి దొర్లింది. ఎవరూ తీయలేదు. నేనే వెళ్లి తీసుకొచ్చి అవతలి జట్టుకి ఇచ్చాను. ఇప్పుడు చెప్పండి, ఇది న్యాయమేనా?

చిరుజల్లు:
అయ్యో. ఇద్దరూ కాస్త నెమ్మదించండి.

గోడపక్కన:
ఇందాక ఆ మాట అనకుండా ఉండాల్సింది, క్షమించండి. కానీ నేను ఆ ముగ్గురి వైపు నిలబడ్డవాణ్ని. మా సెట్టర్‌కి రెండుసార్లు చెప్పాను, మోకాలు బాలేదు, కాస్త నెమ్మదిగా వెయ్యమని. సాకులు చెప్పకు అన్నాడు. మూడోసారి చెప్పలేదు, ఎగరడం మానేశాను. అప్పుడు గానీ నా వైపు తిరిగి చూడలేదు. అతనికీ గెలవాలనే ఉండేది. ఆ సంగతి మాకు తెలీక కాదు.

రెండోటచ్:
మరి ప్రాక్టీస్‌లో మానేయాల్సింది. నా గొడవ టాస్ వేగం గురించి కాదని రాస్తుంటే నాకే అర్థమవుతోంది. కగెయామా అరవడం తప్పే. నేనూ అరిచాను. కానీ అందరూ చూస్తుండగా, మ్యాచ్ మధ్యలో? నాలుగేళ్లు కలిసి ఆడినవాడికి ఎదురుగా వచ్చి ఒక్క మాట చెప్పలేరా?

చిరుజల్లు:
కిందాయిచి సీన్ గుర్తుందా? ఆ పాత జట్టులోవాడు, హైస్కూల్లో ప్రత్యర్థిగా ఎదురవుతాడు. క్షమాపణ చెప్పొద్దంటాడు, తనూ చెప్పనంటాడు. కగెయామా ఈసారీ గెలిచేది మేమే అంటే, ఆ ‘మేము’ దగ్గర కిందాయిచి ఆగిపోతాడు. అతని నోట ఆ మాట అంతకుముందు వినలేదు మరి.

గోడపక్కన:
మా సెట్టర్ నోట ఆ ఒక్క మాట వచ్చి ఉంటే నొప్పితోనైనా ఎగిరేవాణ్ని.

రెండోటచ్:
నాకు అది చాలదు. 2020లో వచ్చిన నాలుగో సీజన్‌లో ఒక ప్రాక్టీస్ మ్యాచ్ ఉంది. కగెయామా మళ్లీ నోరు జారి, పాతది గుర్తొచ్చి బిగుసుకుపోతాడు. హినాటా టవల్ తీసి కిరీటంలా అతని నెత్తిన పెడతాడు. రాజైతే తప్పేంటి, నువ్వు చెప్పింది నచ్చకపోతే నేను వినను, అంతే కదా అంటాడు. మిడిల్ స్కూల్లో ఒక్కడైనా అలా ముఖం మీద చెప్పి ఉంటే ఆ బంతి నేల మీద పడేది కాదు.

గోడపక్కన:
అలా చెప్పాలంటే హినాటాకి ఉన్న ధైర్యం ఉండాలి. అప్పుడు నాకు పద్నాలుగేళ్లండీ.

రెండోటచ్:
నాకూ పద్నాలుగే.