రింగ్ వెళ్తోంది, ఎత్తుతున్నారు, బొమ్మ మాత్రం రావడం లేదు

కొల్లేరు కొంగ:
ఏలూరులో అమ్మానాన్నల డెస్క్‌టాప్‌తో వారం నుంచి కుస్తీ పడుతున్నాను. చెల్లి డాలస్‌లో ఉంటుంది. ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర అయితే ఈ సీజన్‌లో తనకి పొద్దున పది. బ్రౌజర్‌లో లింకు నొక్కి వీడియో కాల్ మాట్లాడుకునే ఒక చిన్న ఉచిత సైటు వాడతాం. రింగ్ వెళ్తుంది, తను ఎత్తుతుంది, 'కనెక్ట్ అవుతోంది' అని అర నిమిషం తిరిగి కట్ అయిపోతుంది. కెమెరా లైటు వెలుగుతోంది, మా మొహాలు మాకు కనిపిస్తున్నాయి. అదే లింకు నా ఫోన్‌లో బాగానే పనిచేస్తోంది. విండోస్ మళ్లీ వేయించమంటున్నాడు షాపతను. వేయించెయ్యమంటారా?

పాత ల్యాప్‌టాప్:
అప్పుడే ఫార్మాట్ దాకా వెళ్లకండి. సెట్టింగ్స్‌లో ప్రైవసీ కింద కెమెరా, మైక్రోఫోన్ రెండింటికీ డెస్క్‌టాప్ యాప్‌ల అనుమతి ఆన్‌లో ఉందేమో చూడండి. నేనైతే రెండు రోజులు డ్రైవర్లు తీసి వేసి, వేసి తీసి, చివరికి చూస్తే కెమెరా మీదున్న బుల్లి ప్లాస్టిక్ మూత మూసి ఉంది. మా బుడ్డోడి పని.

నైట్‌షిఫ్ట్:
వాళ్ల మొహాలు వాళ్లకి కనిపిస్తున్నాయని రాశారు కదండీ, ఇక కెమెరా అనుమతి గొడవ ఎక్కడిది? ఎత్తాక ఆగిపోతోందంటే దారిలోనే ఏదో అడ్డం పడుతోంది. కొంగ గారూ, ఒకటే ప్రశ్న. ఫోన్‌లో పనిచేసిందన్నారే, అప్పుడది ఇంటి వైఫై మీద ఉందా, మొబైల్ డేటా మీదా?

కొల్లేరు కొంగ:
సిగ్గేస్తోంది. డేటా మీద ఉంది. వైఫైకి మార్చి చూస్తే ఫోన్‌లోనూ అదే తంతు. ఫోన్ హాట్‌స్పాట్ కంప్యూటర్‌కి ఇచ్చి చూశాను, మొదటిసారికే చెల్లి కనిపించింది! అంటే ఇన్నాళ్లూ కంప్యూటర్‌ని ఊరికే తిట్టానా?

నైట్‌షిఫ్ట్:
ఊరికే తిట్టారు. రింగ్ వెళ్లే దారి వేరు, మాటా బొమ్మా వెళ్లే దారి వేరు. రింగ్ మామూలు వెబ్ పేజీ లాగా సర్వర్ మీదుగా వెళ్తుంది, దాన్ని రౌటర్లు మామూలుగా ఆపవు. ఎత్తిన తర్వాత మాటా బొమ్మా వీలైతే మీ ఇంటి నుంచి నేరుగా మీ చెల్లి ఇంటికి వెళ్లాలని చూస్తాయి, అదీ ఎక్కువగా యూడీపీ మీద (అందిందా లేదా అని ఆగి చూసుకోకుండా డేటా పంపేసే పద్ధతి). బయటికి మీ ఇల్లు ఏ చిరునామాతో కనిపిస్తోందో చెప్పడానికి స్టన్ అనే సర్వర్ ఉంటుంది, దాని మామూలు పోర్టు (తలుపు నంబరు లాంటిది) 3478. నేరుగా కుదరకపోతే టర్న్ సర్వర్ మధ్యలో నిలబడి మోస్తుంది. పెద్ద సర్వీసులు యూడీపీ మూసేసినా మామూలు వెబ్ పేజీలు వాడే 443 పోర్టు మీదుగా ఎలాగోలా లాక్కొస్తాయి. ఉచిత చిన్న సైట్లలో చాలావాటికి ఆ ఏర్పాటు ఉండదు, మోసే ప్రతి నిమిషానికీ బ్యాండ్‌విడ్త్ ఖర్చు వాళ్లదే కదా.
రౌటర్ పేజీలో ఫైర్‌వాల్ (నెట్ రాకపోకల్ని వడకట్టే కాపలా) లెవెల్ ఎంతలో ఉందో చూడండి. ఈ మధ్య పెట్టె ఏమైనా మార్చారా?

ఆస్టిన్ బావ:
మాకు ఇటువైపు నుంచి వచ్చింది తిప్పలు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో వీపీఎన్ (నెట్‌ని ఆఫీసు సర్వర్ మీదుగా తిప్పేది) ఆన్‌లో ఉంచి మా అత్తగారికి కాల్ చేస్తే అచ్చం ఇదే కథ. వీపీఎన్ తీస్తే సుబ్బరంగా వచ్చింది. కావాలనే మాట్లాడటం లేదని ఆవిడ నెల రోజులు అనుకున్నారు, అది వేరే సంగతి. మీ చెల్లిని కూడా అడిగి చూడండి.

మదర్‌బోర్డు మామ:
పాత కంప్యూటర్ అయితే గడియారం కూడా చూడండి తమ్ముడూ. మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయి మాది ఆన్ చేసినప్పుడల్లా 2009కి పోయేది. తేదీ తప్పైతే సైటు సర్టిఫికెట్ (అది అసలు సైటేనని చూపే గుర్తింపు కార్డు లాంటిది) చెల్లదని బ్రౌజర్ ఎర్ర పేజీ చూపిస్తుంది. హెచ్‌టీటీపీఎస్ (సురక్షిత కనెక్షన్) లేని సైటుకి కెమెరా ఎలాగూ ఇవ్వదు.

కొల్లేరు కొంగ:
గడియారం సరిగానే ఉంది మామా. చెల్లి దగ్గర వీపీఎన్ లేదు. నైట్‌షిఫ్ట్ గారూ, మీకు దండం! పది రోజుల క్రితం పిడుగుకి పాత పెట్టె కాలిపోతే నెట్ కుర్రాడు కొత్తది బిగించి వెళ్లాడు. అందులో ఫైర్‌వాల్ 'హై'లో ఉంది. 'మీడియం' చేసి రీస్టార్ట్ చేశాను, బొమ్మ వచ్చేసింది. కానీ మా మాట చెల్లికి వినపడటం లేదు. అమ్మ గొంతు చించుకుని అరుస్తోంది, పక్కింటివాళ్లకి మాత్రం బాగా వినిపిస్తోంది.

పాత ల్యాప్‌టాప్:
ఇప్పుడు నా వంతు. కాల్ విండోలోని సెట్టింగ్స్‌లో మైకు ఏది ఎంచుకుని ఉందో చూడండి. వెబ్‌క్యామ్‌కి సొంత మైకు ఉంటుంది, డెస్క్‌టాప్ వెనకాల ఏమీ తగిలించని మైకు జాక్ ఒకటి ఉంటుంది. బ్రౌజర్ ఆ ఖాళీ జాక్‌నే వింటూ కూర్చుంటుంది ఒక్కోసారి.

కొల్లేరు కొంగ:
అదే! వెబ్‌క్యామ్ మైకు ఎంచుకోగానే చెల్లి "అమ్మా, అరవకే" అంది. నాన్నకి ఇంకో అనుమానం మిగిలింది. తెర మీద మా వెనకాల గోడ క్యాలెండర్ అక్షరాలు తిరగబడి కనిపిస్తున్నాయి, అమెరికాలోనూ అలాగే కనపడుతుందా అని.

నైట్‌షిఫ్ట్:
లేదండీ, మీ తెర మీద మాత్రమే అద్దంలా చూపిస్తుంది. మీ చెల్లికి తిథితో సహా తిన్నగానే కనిపిస్తుంది.