అప్‌డేట్: గోల్కొండ దగ్గరి రెస్టారెంటు బిల్లులో సర్వీస్ ఛార్జీ – డబ్బు తిరిగి వచ్చింది

గోల్కొండ కోట చూసి వస్తూ మేము నలుగురం భోజనం చేసిన చిన్న రెస్టారెంటు, 1,200 రూపాయల బిల్లుకు పది శాతం సర్వీస్ ఛార్జీ కలిపి, తీసివేయమంటే కుదరదన్నదని చెప్పి, ఏం చేయాలో ఇంతకుముందు ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. మీలో ఒకరు సూచించినట్లు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి, బిల్లు వివరాలతో ఫిర్యాదు నమోదు చేయగా, కొద్ది రోజుల్లోనే ఆ 120 రూపాయలు తిరిగి వచ్చాయి. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలై 4న ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఈ ఛార్జీని హోటళ్లు తమంతట తాము బిల్లులో కలపకూడదు; 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా వాటిని సమర్థించింది. ఏసీ గదిలో కూర్చున్నందుకే ఈ ఛార్జీ వేశారేమోనని అనుమానించాను గానీ, ఏసీకీ దీనికీ సంబంధం లేదని తేలింది. 5 శాతం జీఎస్టీ మాత్రం సక్రమమే, దానిని ఎవరూ తిరిగి ఇవ్వరు. మాకు ఎంతో ఆదరంగా వడ్డించిన అబ్బాయికి ఇందులో ఏ ప్రమేయమూ లేదు.